అత్తమ్మ కొలతలు

మెదక్,
నవంబరు 10, ఆదివారం

వదినకు బాలమణి నమస్కారాలు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటా అనుకుంటారేమో. మీరు పుట్టి పెరిగిన ఇల్లే కదా, కొత్తగా చెప్పేదేముంది. రెండు గదులు, నడుమ తలుపు లేదు, పాత చీర తెర. అత్తమ్మ మంచానికీ నా పొయ్యికీ మధ్య ఆరడుగులు. చూపు తగ్గింది గానీ పక్కింటి కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో ఇప్పటికీ లెక్క తప్పకుండా చెబుతుంది. మీతో మాట్లాడవలసిన మాటలు ఆమె చెవిన పడకూడనివి.

మంగళవారం హైదరాబాద్ దవాఖాన నుంచి ఇంటికి పంపేశారు. "ఇగ తీస్కపోండ్రి. ఏది తింటనంటే అది పెట్టుండ్రి" అని డాక్టరు మీ తమ్ముణ్ణి పక్కకు పిలిచి చెప్పాడట. గుండె, మూత్రపిండాలు రెండూ పోయాయి. నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. ఏ గంటకు ఏం తాగింది, ఎంత మూత్రం వచ్చింది, వాపు ఎక్కడిదాకా ఎక్కింది, అన్నీ రాస్తున్నాను. నిన్న పాదాలు, ఈ రోజు చీలమండలు.

మీ దగ్గర నేర్చుకుని మేం ఐదిళ్ళ వాళ్ళం యూదు పద్ధతిలోకి వచ్చి పదకొండేళ్ళు. శుక్రవారం దీపాలు పెట్టుకుంటున్నాం, శనివారం పని మానుకుంటున్నాం, ఒక పెళ్ళి చేశాం, ముగ్గురు పిల్లలకు పేర్లు పెట్టుకున్నాం. చావు మాత్రం ఇంతవరకూ రాలేదు. అత్తమ్మదే మొదటిది.

"అమ్మకు తహరా మన పద్ధతిల్నే జరగాలె" అన్నారు మీ తమ్ముడు. శవానికి స్నానం చేయించడమని నాకు తెలుసు. అంతకు మించి తెలియదు.

"ఎవలు చేస్తరు?" అన్నాను.

"ఆడోళ్ళకు ఆడోళ్ళే చెయ్యాలె. అక్క వస్తది."

"రాకుంటే?"

"నువ్వున్నవు గద."

ఆ మాట అని వైండింగ్ దుకాణానికి వెళ్ళిపోయారు. ధర్మశాస్త్రం మీద గంటసేపు మాట్లాడగలరు. మంచం పక్క గిన్నె తీసి పారబోయమంటే మాత్రం దుకాణంలో ఎవరిదో మోటరు కాలిపోతుంది.

వదినా, నేను శవాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా ఆమెను పడుకోబెట్టిన గది గడప దాటలేదు. రాత్రి అత్తమ్మ ఊపిరి కాస్త ఆగితే నా ఒళ్ళంతా చల్లబడుతుంది. ఆమె పోతుందని కాదు, పోయాక నన్ను పిలుస్తారని. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే.

మీరు రండి. రాలేకపోతే మొదటినుంచి చివరిదాకా ఏం చెయ్యాలో వరుసగా రాయండి. ఎన్ని నీళ్ళు, ఎంత బట్ట, ఎంతమంది. ఏదీ వదలకండి.

మీ మరదలు
బాలమణి

---

రేపల్లె,
నవంబరు 17

బాలమణికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మ గురించి తమ్ముడు జయానందం ఫోన్‌లో చెప్పాడు గానీ "బాగనే ఉంది, జర నీరసం" అన్నాడు. నీ నోటుపుస్తకమే నయం.

మోకాళ్ళ నొప్పి వల్ల నేను ప్రయాణం చేసేలా లేను. ఇక్కడ మీ అన్నయ్యను చూసుకునేవాళ్ళు కూడా లేరు. అందుకని రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు.

ముగ్గురు ఆడవాళ్ళు కావాలి, ఇద్దరైనా నడుస్తుంది. తలుపు వెయ్యాలి. దేహం మీద ఎప్పుడూ దుప్పటి ఉండాలి. కడుగుతున్న భాగం మాత్రమే తెరిచి, కడిగి, మళ్ళీ కప్పాలి. దేహం మీదుగా వస్తువులు అందించుకోకూడదు, చుట్టూ తిరిగి ఇవ్వాలి. ఊసుపోక మాటలు వద్దు. ముందు గోరువెచ్చని నీళ్ళతో తల నుంచి పాదాల దాకా శుభ్రం చెయ్యి. ఆ తర్వాత పోసేదే అసలు తహరా. మూడు బిందెలు, మొత్తం ఇరవై నాలుగు లీటర్లు. మొదటిది అయిపోకముందే రెండోది మొదలవ్వాలి, ధార తెగకూడదు.

బట్టలు ముందే కుట్టించి ఉంచు. తెల్లటి నూలు బట్ట. చొక్కా, పాదాల దగ్గర మూసేసిన పైజమా, ముసుగు, నడికట్టు. దారానికి ముడి వెయ్యకూడదు, జేబు ఉండకూడదు. పూర్వం ధనవంతులు శవాలకు పట్టుబట్టలు కడుతుంటే పేదవాళ్ళు అవి కొనలేక శవాలను వదిలి పారిపోయేవారట. ఒక పెద్ద బోధకుడు తనను చవక నారబట్టలోనే పాతిపెట్టమన్నాడు. అప్పటినుంచి గొప్పవాడికీ కూలివాడికీ ఒకటే బట్ట.

ఈ పని చేసేవాళ్ళను ఇక్కడ మా యూదుల్లో చాలా గౌరవిస్తారు. బతికున్నవాళ్ళకు మేలు చేస్తే ఎప్పుడైనా తిరిగి చేస్తారన్న ఆశ మూలన ఉంటుంది. చనిపోయినవాళ్ళు ఏమీ తిరిగి ఇవ్వలేరు. అందుకే దీన్ని నిజమైన దయ అంటారు. భయపడకు. భయమేసినా చేతులు వాటంతట అవే పని చేస్తాయి.

రాహేలు

---

మెదక్,
నవంబరు 26

వదినకు,

బట్ట తెచ్చాను. ఆరు మీటర్లు. మన వాడలో ఎదురింటి దర్జీ మహబూబున్నీసా ఆపాకు ఇచ్చి సంగతి చెప్పాను. వాళ్ళలో ఆడవాళ్ళు పోతే స్నానం చేయించేది ఆమేనట. "తహరా అంటవ్, మేం తహారత్ అంటం. నీళ్ళు గవే, భయం గదే" అంది. బట్ట విప్పి చూసి, "కొలత లేకుంటే సచ్చినోళ్ళ ఖఫన్ గూడ కుట్టను బాలమణీ. పొట్టిగైతే అల్లా నన్ను అడుగుతడు, నిన్ను కాదు" అని టేపు నా మెడలో వేసింది.

మధ్యాహ్నం జావ తాగి అత్తమ్మ నిద్రపోయాక కొలిచాను. భుజం పద్నాలుగు, ఛాతీ ముప్పై. నడుం నుంచి పాదం దాకా టేపు సాగదీస్తున్నాను.

"ఏందే అది?"

నా ప్రాణం పోయింది వదినా. కళ్ళు మూసుకునే ఉంది.

"జాకెట్టు కొలత అత్తమ్మా."

"గిప్పుడు నాకు జాకెట్టెందుకే? ఎవడన్న పెండ్లి సూపులకు వస్తున్నడా?"

"పండుగకు."

"తెల్లది కుట్టియ్యి. పూలు గీలు వద్దు."

టేపు చుట్టి కొంగులో దాచుకున్నాను. ఆ రోజు నుంచి పొద్దున్నే అడుగుతుంది, "నా జాకెట్టు ఏడికొచ్చిందే?" అని. చివరికి మహబూబున్నీసా ఆపాతో నిజంగానే ఒక తెల్ల జాకెట్టు కుట్టించాల్సి వచ్చింది. ఆమె కుట్టు మిషను మీద ఇప్పుడు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కిటికీలోంచి కనబడతాయని అటు చూడడం మానేశాను.

ఇంకో సంగతి. నల్లా దగ్గర ఒకామె అందరిముందూ అడిగింది. "మీరు పీనుగులను కడిగే మతంల కలిసిండ్రంట గద? మీ తాతల పని మీకే వచ్చిందా మళ్ల?" ఎవరో నవ్వారు. నేను బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాను.

మా తాత ఊళ్ళో చచ్చిన గొడ్లను ఈడ్చేవాడు. ఆ పని చెయ్యనని మా నాయన దెబ్బలు తిన్నాడు. మీరు గౌరవం అని రాశారు. రేపల్లెలో గౌరవమే కావచ్చు. మాదిగ వాడలో పుట్టినదాన్ని ఈ మెదక్‌లో శవాన్ని కడిగానంటే దానికి ఇంకో పేరుంది, అది అందరికీ నోటికి వచ్చు. అసలు మనం ఎవరం వదినా? మేం యూదులమంటే ఇక్కడివాళ్ళు నవ్వుతారు. ఎక్కడో ఉన్న యూదులైతే కాగితాలు చూపించమంటారు. తప్పు చేస్తే సరిదిద్దే మనిషి కూడా లేడు.

చివరగా ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మోకాళ్ళ వల్ల ప్రయాణం చెయ్యలేనన్నారు. ఆగస్టు 22న విశాఖపట్నం పెళ్ళిలో దిగిన ఫొటో మీరే పంపారు. తూప్రాన్‌లో చుట్టాల ఇళ్ళకు రెండుసార్లు వచ్చారు, అక్కడికి గంట దూరంలో ఉన్న మెదక్ గడప తొక్కలేదు. నేను తారీఖులు మరిచిపోయే మనిషిని కాను. ఎందుకు రారు?

బాలమణి

---

రేపల్లె,
డిసెంబరు 2

బాలమణీ,

నీతో అబద్ధం ఆడడం కష్టం. నొప్పి నిజమే, కారణం అది కాదు.

పంతొమ్మిదేళ్ళ కిందట, నిస్సి నీ కడుపులో ఉండి నువ్వు పుట్టింటికి వెళ్ళినప్పుడు, నేను మెదక్ వచ్చాను. పెళ్ళయి ఇక్కడి యూదుల్లో కలిశాక మొదటిసారి ఒక ముసలామెకు తహరా చేసి నెల కూడా కాలేదు. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. పెద్ద పరీక్ష పాసైనట్టు అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చాట కింద పెట్టింది.

"మీ తాత పశువుల పీనుగులు మోసిండు. మీ నాయిన ఆ కావడి ఇరగ్గొట్టి బడికి పోయిండు. నువ్వు సదువుకొని, గంత దూరం పోయి, మళ్ల పీనుగుల కాడికే వచ్చినవా?"

నేను ఊరుకోవలసింది. అది వేరు, ఇది వేరు అని వాదించాను. అప్పుడు ఊళ్ళోవాళ్ళు మన చేత్తో పని చేయించుకుని ఛీ అన్నారు, ఇక్కడ అదే చేతిని పట్టుకుని కృతజ్ఞత చెబుతున్నారు అన్నాను. పుస్తకంలో మాటలన్నీ చెప్పాను. అమ్మ లేచి నిలబడి, "నేను సచ్చినా నా పీనుగను నువ్వు ముట్టొద్దు. ముడితే నా మీద ఒట్టు" అంది.

ఆ సాయంత్రం బస్సెక్కాను. తర్వాత జయానందం నా పుస్తకాలు చదివి ఇటు వచ్చాడు. దీపాలు పెట్టుకోవడాన్ని అమ్మ ఒప్పుకుంది, కొడుకు కదా. నన్ను మాత్రం పిలవలేదు, నేనూ అడగలేదు. ముప్పై ఏడు మందిని కడిగాను బాలమణీ. ప్రతిసారీ ఆ మాట చెవిలో ఉంటుంది.

ఇప్పుడు వస్తే ఏం చెయ్యను? ప్రాణం పోయేదాకా మంచం పక్కన కూర్చుని, పోయాక బయటికి వెళ్ళి నిలబడాలా? ఒట్టు దాటనూ లేను, ఆ గుమ్మం బయట నిలబడనూ లేను. నాకు భయం. ఇది జయానందానికి తెలియదు. అమ్మ దగ్గర ఈ మాట ఎత్తకు.

రాహేలు

---

మెదక్,
డిసెంబరు 9

వదినకు,

నేను ఎత్తలేదు. ఆమే ఎత్తింది.

శుక్రవారం జాకెట్టు వచ్చింది. తొడిగాను. చేతులు వాచినా పట్టింది. తడిమి చూసుకుని, "మంచిగ కుట్టింది తురకామె" అంది. హమ్మయ్య అనుకుని జావ కలపడానికి లేచాను.

"బాలమణీ. జాకెట్టుకు కాళ్ళ పొడుగెందుకు కొలిసినవే?"

గిన్నె నా చేతిలోనే ఉంది.

"నా కొలతనే కదా," అంది, "దాసుడెందుకు? కూసో."

కూర్చున్నాను.

"ఏమేం కుట్టిచ్చినవు?"

చెప్పాను. చొక్కా, పైజమా, ముసుగు. పైజమా అనగానే నవ్వింది. "ఎనభై ఏండ్లు సీర గట్టిన. సచ్చి మొగోని బట్టలేసుకోవాల్నా?" నవ్వుతూ దగ్గు వచ్చింది. వీపు నిమిరాను. దగ్గు ఆగాక, "నన్నెవలు కడుగుతరు?" అంది.

"నేనే అత్తమ్మా."

"భయమైతదా?"

"అయితది."

"నాకు గూడ," అంది.

తర్వాత మీ సంగతి అంతా ఆమే చెప్పింది, మీరు రాసినట్టే, చాటతో సహా. ఒక్కటి మీరు రాయనిది. మీరు బస్సెక్కేదాకా ఆమె మలుపు దగ్గర నిలబడి చూసిందట.

"ఒట్టు తీసేయండ్రి అత్తమ్మా, వదినను రమ్మంట," అన్నాను.

"తీసేది లేదు. అన్నది అన్నదే. సచ్చినంక అది నన్ను ముట్టొద్దు." గోడవైపు తిరిగింది. ఆ తర్వాత అంది, అదే మాటలు రాస్తున్నాను: "బతికుండంగనే వచ్చి తానం పొయ్యమను. గంత మందిని కడిగిందంట గద. సచ్చినోళ్ళకు దాని చెయ్యి ఎట్లుందో తెల్వది. నేను సూస్త."

వాపు మోకాళ్ళు దాటింది. నిన్న మొత్తం మీద తాగింది రెండు గ్లాసులు. వదినా, ఆలస్యం చెయ్యకండి.

బాలమణి

---

రేపల్లె,
డిసెంబరు 13

బాలమణీ,

ఉత్తరం అందింది. మంగళవారం రైలుకు బయలుదేరుతున్నాను. మీ అన్నయ్యను పక్కింటివాళ్ళకు అప్పగించాను.

ముప్పై ఏడు మందిని కడిగినప్పుడు ఒక్కరూ నన్ను చూడలేదు. ఈమె చూస్తుంది, మాట్లాడుతుంది, తిడుతుంది. నేను వచ్చేలోపు ఏమైనా అయితే దారిలో నాకు ఫోన్ చెయ్యకండి. గుమ్మం దాకా నమ్మకంతో రానివ్వండి.

రాహేలు

---

రేపల్లె,
డిసెంబరు 26

బాలమణీ,

క్షేమంగా చేరాను. అక్కడ వారం రోజులున్నా నీతో ఒక్క మాట నిలకడగా మాట్లాడలేదు. ఆ రోజు స్నానం దగ్గర నువ్వు తెర అవతల నిలబడ్డావు, లోపల ఏం జరిగిందో అడగలేదు. అందుకే రాస్తున్నాను.

చెంబుతో మొదటి నీళ్ళు భుజం మీద పోశాను. "సల్లగున్నయే! సచ్చినోళ్ళకు పోసి పోసి అలవాటైందా?" అంది. ఇంకొంచెం వేడినీళ్ళు కలిపాను. "ఇప్పుడు ఉడకబెడుతున్నవా?" అంది. నేను నవ్వాను, ఏడ్చాను, ఏది ముందో తెలియదు. అలవాటు కొద్దీ ఒక చెయ్యి తెరిచి, కడిగి, వెంటనే దుప్పటి కప్పాను. "ఎందుకే కప్పుతున్నవు?" అంది. సిగ్గు కాపాడాలమ్మా, చనిపోయినవాళ్ళకైనా అన్నాను. పాదాలు కడుగుతుంటే నా తల మీద చెయ్యి పెట్టింది. దీవెన కాదు, పడిపోకుండా పట్టుకుంది. అయినా తియ్యలేదు.

తుడిచాక అడిగాను, ఒట్టు సంగతి. "అది గట్లనే ఉంటది," అంది. "నీకు నేను బతికున్నప్పటి నన్ను ఇచ్చిన. ఇగ సచ్చినంక నన్ను ఆమెకు ఇస్త." ఆమె అంటే నువ్వు.

నాకు అసూయ కలిగింది, కోపం వచ్చింది, తర్వాత తేలికైంది. అక్కడున్నప్పుడు ప్రార్థనతో సహా నేను రాసిచ్చిన కాగితం పోపుల డబ్బా వెనక పెట్టానన్నావు. దాన్ని ఇంకోసారి చదువు.

రాహేలు

---

మెదక్,
జనవరి 7

వదినకు,

ఏడు రోజుల దుఃఖంలో ఈ రోజు ఐదో రోజు. మన పద్ధతి ప్రకారం మీ తమ్ముడు నేల మీద కూర్చున్నారు, అద్దానికి బట్ట కప్పాము. మీరూ అక్కడ అలాగే కూర్చున్నారని తెలుసు. ఫోన్‌లో ఏడుపే తప్ప ఏమీ చెప్పలేకపోయాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

శుక్రవారం ఉదయం ఎనిమిదీ పదికి అత్తమ్మ పోయింది. అంతకు ముందు రెండు చెంచాల టీ తాగింది. సూర్యాస్తమయం ఐదూ యాభై రెండుకు. ఆలోపు మట్టి చెయ్యకపోతే, శనివారం కుదరదు కాబట్టి ఆదివారం దాకా ఉంచాలి. ఒకప్పుడు మనమూ వాళ్ళలోనివాళ్ళమే కదా అని చర్చి పెద్దలు మామయ్య సమాధి పక్కన స్థలం ఇచ్చారు. సమాధి రాయి మీద ఏ గుర్తు పెడతారని మాత్రం అడిగారు. ఇంకా ఆలోచించలేదన్నారు మీ తమ్ముడు. ఆయన బయట కీర్తనలు చదువుతూ కూర్చున్నారు. ఒక్క పేజీయే మళ్ళీ మళ్ళీ చదివారు.

మన ఐదిళ్ళలోంచి మమత వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, పెదవులు తెల్లబడిపోయాయి. మహబూబున్నీసా ఆపా పిలవకుండానే వచ్చి, "నీళ్ళు మీరే పొయ్యిండ్రి, మీరు చదివే దువా మీది. పక్కకు తిప్పేటప్పుడు బరువు నేను పడతా" అంది. నల్లా దగ్గర మాట అన్నామె కూడా గుమ్మం బయట మిగతా ఆడవాళ్ళతో నిలబడి ఉంది. అందరూ చూస్తుండగా తలుపు వేశాను. గొళ్ళెం పడడం నాకే పెద్దగా వినబడింది.

మీరు రాసినట్టే చేశాను. తెరిచి, కడిగి, కప్పాను. సబ్బు నీళ్ళు దేహం మీదుగా అందించబోయిన మమతను చుట్టూ తిరిగి రమ్మన్నాను. మూడు బిందెల ధార ఎక్కడా తెగలేదు. పైజమా పొడుగు సరిపోయింది. తలుపు తీసి బయటికి వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. నల్లా ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. అది గౌరవమో, మైల తగులుతుందనో నాకు తెలియదు. రేపు నీళ్ళకు వెళ్ళినప్పుడు తెలుస్తుంది. భయపడకు అన్నారు గానీ భయం పోలేదు వదినా.

ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. మీ కాగితంలో అన్నిటికంటే ముందు, నీళ్ళు ముట్టకముందు, చనిపోయినామెను పేరు పెట్టి పిలిచి, మేం తెలియక చేసే తప్పులు మన్నించమని అడగాలని రాశారు. పేరుండవలసిన చోట చుక్కలు పెట్టి వదిలారు. ఎన్నిసార్లు చదివినా ఆ చుక్కల దగ్గర నేను ఆగలేదు. దేహం ముందు నిలబడి చదవబోతే అక్కడే ఆగిపోయాను.

ఇరవై ఆరేళ్ళుగా ఆ పేరు నేను పలకలేదు. ఏ కోడలు పలుకుతుంది? రేషన్ దుకాణంలో అడిగితే కార్డు చూపించేదాన్ని. దవాఖానలో అడిగితే మీ తమ్ముణ్ణి ముందుకు తోసేదాన్ని. మమత నా మొహం చూసి, "పేరు చెప్పాలె పెద్దమ్మా" అని గుసగుసలాడింది. మహబూబున్నీసా ఆపా తల దించుకుంది.

"శివమ్మా," అన్నాను.

ఇప్పుడు కళ్ళు తెరిచి, "ఏందే, అత్తను పేరు పెట్టి పిలుస్తున్నవా?" అంటుందని ఒళ్ళు గగుర్పొడిచింది. నిజంగా ఆగాను వదినా. అనడానికి ఆమెకు సమయం ఇచ్చినట్టు, చెంబు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆగాను.

అనలేదు.

అప్పుడు నీళ్ళు ముట్టుకున్నాను.

మీ
బాలమణి